పిచ్చుక కారుకి కాపలా

మా ఆడపడుచుని ఇంట్లో అందరమూ పిచ్చుక అనే పిలుస్తాం. చిన్నప్పటి నుంచీ నిలబడే తింటుందనీ, ఒక్కచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోదనీ మా మామయ్యగారు పెట్టిన పేరది. ఆమె నర్సు. ఆస్పత్రి వార్డులో పనిచేసే నర్సు కాదు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి, కట్లు మార్చి, ఇంజక్షన్లు ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి వచ్చే నర్సు. రోజుకి ఏడిళ్ళు, ఒక్కోసారి ఎనిమిది. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు.

ఆ కారుని మూడు నెలల కిందట పట్టపగలు ఎవరో ఎత్తుకుపోయారు. ఒక మేడ మూడో అంతస్తులో దర్జీపని చేసి మానేసిన ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన కాలి పుండుకి కట్టు కట్టి పిచ్చుక కిందికి దిగేసరికి కారు ఉండాల్సిన చోట నూనె మరక మాత్రం ఉంది. పోలీసులు రాసుకున్నారు. కారు దొరకలేదు. దాంతోపాటు వెనక సీటులో పెట్టిన నోటుపుస్తకం కూడా పోయింది. ఎవరికి ఏ చేతిలో నరం దొరుకుతుంది, ఎవరు సూది చూస్తే మొహం తిప్పుకుంటారు, ఎవరింట్లో కుక్కకి ముందుగా చెయ్యి వాసన చూపించాలి, ఇలా పదకొండేళ్ళుగా రాసుకున్న పుస్తకం. కారు పోయినందుకు పిచ్చుక ఏడవలేదు. పుస్తకానికి ఏడ్చింది.

రెండు వారాలకి ఇంకో పాత కారు వచ్చింది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. రోగి గదిలో ఉన్నంతసేపూ ఆమె ప్రాణం కింద వీధిలో ఉండేది. బయట ఎక్కడ తలుపు చప్పుడైనా కిటికీ దగ్గరికి పరుగెత్తేది. నాలుగో రోజున దర్జీ తాత ఇంట్లో కట్టు విప్పి, పుండు అలా వదిలేసి, మూడుసార్లు కిటికీ దగ్గరికి వెళ్ళింది. మూడోసారి ఆయన, "అమ్మాయ్, నా కాలు ఇక్కడుంది" అన్నాడట, కోపం లేకుండానే. అదే రోజు ఇంకో ఇంట్లో మందు ఇచ్చానో లేదో గుర్తు రాక, సీసా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్ళి, నన్ను కౌంటరులో కూర్చోబెట్టండి అని పెద్ద నర్సుని అడిగింది.

కౌంటరు అంటే వచ్చినవాళ్ళ పేరు, వయసు, చిరునామా రాసుకోవడం. రెండు నెలలు రాసింది. ఇంటికొచ్చి కూర్చుని తినడం మొదలుపెట్టింది. అది చూసి మామయ్యగారు నాతో నెమ్మదిగా, "ఇది పిచ్చుకలా లేదమ్మా" అన్నారు.

ఒక శనివారం పెద్ద నర్సు పిలిచి చెప్పిందట. వచ్చే శుక్రవారం పనుల పట్టిక ఖాయం చేస్తాను, ఆ తర్వాత నీ ఇళ్ళన్నీ ఇంకొకరికి శాశ్వతంగా ఇచ్చేస్తాను, గురువారం దర్జీ తాత దగ్గరికి వెళ్ళే మనిషి సెలవు, ఆ ఒక్క ఇంటికీ వెళ్ళి చూడు, శుక్రవారం పొద్దున్నే నాకు ఏదో ఒకటి చెప్పు అని.

"ఏదో ఒకటి అంటే కౌంటరే వదినా" అంది పిచ్చుక ఆదివారం టీ తాగుతూ. "అక్కడైతే ఎవరికీ నావల్ల హాని జరగదు."

"నీకు జరుగుతోందిగా" అన్నాను.

ఆమె కప్పు పక్కన పెట్టి అలారం మాట ఎత్తింది.

కారుకి అలారం పెట్టించాలని ఆమెకి ముందే తోచింది. బిగించే షాపువాడు మూడు వారాల తర్వాత రమ్మన్నాడు. బండిని రెండు రోజులు తన దగ్గరే వదిలి వెళ్ళాలన్నాడు. ఆ మాట చెప్పగానే మామయ్యగారు పేపరు దించారు. ఆయన నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశారు. ఎవరి మాటా ఓ పట్టాన నమ్మరు.

"బిగించినవాడికి తెలిసిన రహస్యం రహస్యం ఎలా అవుతుంది?" అన్నారు. "పెట్టె ఎక్కడ దాచాడో, ఏ వైరు లాగితే నోరు మూసుకుంటుందో వాడికి తెలుసు. వాడి దగ్గర పనిచేసేవాడికీ తెలుసు."

"అయితే మనమే బిగిద్దాం" అన్నాను.

మా ఆయన స్కూల్లో లెక్కలు చెప్తారు. ఏ మాటనీ వదిలిపెట్టరు. "మనం అంటే ఎవరెవరు?" అన్నారు.

"నేను బిగిస్తాను. మామయ్యగారు చెప్తారు. పిచ్చుక చూస్తుంది. మీరు కూరలు తరగండి."

"నువ్వు కారు అలారం బిగిస్తావు."

"భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివాను కదండీ."

"ఇరవై రెండేళ్ళ కిందట."

"ఈ ఇరవై రెండేళ్ళలో కరెంటు మారిందా ఏమిటి?"

మారలేదని ఆయన ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఈ ఇరవై రెండేళ్ళలో ఆ డిగ్రీతో నేను చేసిన పని ఇస్త్రీపెట్టె వైరు మార్చడం, ఆయన మార్చిన వైరుని మళ్ళీ మార్చడం. అది ఆయనకి గుర్తుంది కాబట్టే ఇంకేమీ అనలేదు.

అలారం పెట్టె సోమవారం వచ్చింది. లోపల అరచేతిలో పట్టే ఒక నల్ల డబ్బా, దాన్నుంచి జడలా వేలాడే పద్నాలుగు వైర్లు, గిన్నె అంత సైరను, ఒక ఎర్ర బుల్లి లైటు, అదురు కనిపెట్టే ఒక బిళ్ళ, రెండు రిమోట్లు. కారుని ఎవరైనా కదిపితే రిమోటు కూడా చేతిలో గుర్రుమంటుంది, అరకిలోమీటరు దూరాన ఉన్నా సరే. మేము ఆ పెట్టెనే కొనడానికి కారణం అదే. పిచ్చుక నడుముకి తగిలించుకుంటే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

కూడా వచ్చిన చిన్న పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. వంట కొత్తగా నేర్చుకునేటప్పుడు చేసినట్టే, ఏ పని తర్వాత ఏ పనో ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదటిది బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం. మామయ్యగారు కుర్చీ తెచ్చుకుని కారు పక్కన కూర్చున్నారు. ఆయన చేతులు రెండేళ్ళుగా వణుకుతున్నాయి. టీ కప్పు నిండా పోస్తే ఒలుకుతుందని సగమే పోస్తాను. అందుకని స్క్రూడ్రైవరు ఆయన పట్టుకోలేదు. దీపం పట్టుకున్నారు. దీపం వెలుగు డ్యాష్‌బోర్డు కింద సన్నగా వణుకుతూ ఉండేది. నేను ఆ వణుకుకి అలవాటుపడ్డాను.

"సైరను నోరు కిందికి ఉండాలి. పైకి పెడితే వాన నీళ్ళు తాగి మూగదైపోతుంది."

"పుస్తకంలో కూడా అదే రాశారు మామయ్యగారూ."

"పుస్తకం రాసినవాడికి కాస్త బుర్ర ఉంది అయితే."

ఇంజను గదికీ మనం కూర్చునే చోటికీ మధ్య ఇనుప గోడ ఉంటుంది. దానికి ఒక రబ్బరు బిరడా, అందులోంచి కారు సొంత వైర్లు వెళ్తుంటాయి. సైరను వైరుని కూడా ఆ దారిలోనే లాగాలి. పావుగంట పొడిచినా వైరు వంగిపోతోంది కానీ దూరడం లేదు. పిచ్చుక లోపలికి వెళ్ళి, విరిగిన గొడుగు చువ్వ ఒకటి తెచ్చింది. చువ్వ కొసకి వైరుని టేపుతో చుట్టి తోస్తే అవతల కాళ్ళు పెట్టుకునే చోట తేలింది. పిచ్చుక అటువైపు తల కిందులుగా దూరి దాన్ని అందుకుంది.

"దొరికింది వదినా. నరం దొరికినట్టే ఉంది" అంది. రెండు నెలల్లో మొదటిసారి ఆమె గొంతులో కొంచెం ఉత్సాహం విన్నాను.

మిగతాదంతా ఓపిక పని. తలుపు తెరిస్తే టెస్టు ల్యాంపు, అంటే కరెంటుంటే వెలిగే బుడ్డి బల్బు, ఏ వైరు మీద వెలుగుతుంది, మూస్తే ఏది ఆరిపోతుంది, తాళం తిప్పితే ఏది మేలుకుంటుంది అని ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవాలి. వైర్ల రంగులు పుస్తకంలో చెప్పినట్టు లేవు. పాత యజమాని ఎప్పుడో ఏదో మార్చినట్టున్నాడు. అందుకని రంగుని నమ్మకుండా ప్రతి వైరునీ ల్యాంపు పెట్టి చూశాకే ముట్టుకున్నాను. ప్రతి అతుకునీ మెలిపెట్టి, కరిగించి అంటించి, టేపు చుట్టాను. టేపు ముడతపడితే విప్పి మళ్ళీ చుట్టాను.

"ఎవరు చూస్తారే ఆ ముడతని?" అన్నారు మా ఆయన తలుపు దగ్గర నిలబడి.

"నేను చూశాను కదా."

మంగళవారం స్టార్టరుకి వెళ్ళే వైరుని కత్తిరించి మధ్యలో అలారం మాట విని కరెంటు ఆపే రిలే పెట్టాను. అంటే అలారం కాపలాలో ఉన్నంతసేపూ దొంగ తాళం ఎలా తిప్పినా ఇంజను కదలదు. రిమోటు పాడైతే కాపలా తప్పించడానికి ఒక చిన్న స్విచ్చు కూడా ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ లేనప్పుడు బిగించాను. ఎక్కడ బిగించానో ఎవరికీ చెప్పలేదు. మామయ్యగారు రహస్యం గురించి అన్న మాట నాకు బాగా నచ్చింది. పిచ్చుకకి గురువారం చెవిలో చెబుదాం అనుకున్నాను.

బుధవారం సాయంత్రం పరీక్ష. మా ఆయన దొంగ. ఆయన చొక్కా చేతులు మడుచుకుని వచ్చి, కారు తలుపుని రెండు వేళ్ళతో తట్టారు.

"దొంగలు తలుపు తట్టరు అన్నయ్యా" అంది పిచ్చుక.

"నేను మర్యాదస్తుడైన దొంగని."

"అన్నయ్యా, నువ్వు ఈ వృత్తిలోకి వెళ్ళి ఉంటే వదిన పస్తులుండేది. గట్టిగా."

ఆయన భుజంతో ఒక్క తోపు తోశారు. సైరను వీధి దద్దరిల్లేలా అరిచింది. ఎర్ర లైటు కొట్టుకుంది. పిచ్చుక చేతిలో రిమోటు గుర్రుమంది. మా ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి గెంతారు. మామయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఉన్నది ఒకే భద్రత" అన్నారు. "లిఫ్టులో ఎప్పుడూ రెండుంటాయి. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియకూడదు. తాడు తెగినా పట్టుకునేది వేరే ఉండాలి."

"ఇది లిఫ్టు కాదు నాన్నా" అంది పిచ్చుక.

ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఆయన ఏదో ఆలోచిస్తున్నారని అర్థం. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న నాకు అది తట్టాలి. వంటింట్లో పని ఉండి తట్టలేదు.

గురువారం తొమ్మిదికి పిచ్చుక తయారైంది. సంచీలో గాజుగుడ్డ, మందు సీసాలు, చేతి తొడుగులు మూడుసార్లు సర్దుకుంది. నన్ను కూడా రమ్మంది. ఈ ఒక్కసారికే అంది. మా ఆయన స్కూలుకి వెళ్ళిపోయారు. మామయ్యగారు పొద్దుటి నడకకి వెళ్ళి ఇంకా రాలేదు. ఆయన ఫోను ఎప్పటిలాగే టీవీ పక్కన ఉంది.

రిమోటు నొక్కింది. ఎర్ర లైటు ఆరింది. తాళం తిప్పింది. ఇంజను గిరగిరా తిరిగింది కానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తిప్పింది. తిరుగుతోంది, ఆగిపోతోంది.

పిచ్చుక చేతులు స్టీరింగు మీద నుంచి ఒళ్ళోకి జారాయి.

"చూశావా వదినా. వద్దని చెబుతోంది."

"కార్లు చెప్పవు. ఏదో వైరు తేడా చేసి ఉంటుంది. నాదే తప్పయి ఉంటుంది."

"నీ తప్పని నేను అనడం లేదు. నాకే రాసిపెట్టి లేదు." సంచీలోంచి ఫోను తీసింది. "పెద్ద నర్సుకి చెప్పేస్తాను. ఎవరినైనా పంపుకుంటారు. తాత కట్టు ఆగకూడదు కదా."

ఆమె ఆ ఫోను చేస్తే ఇక శుక్రవారంతో పనిలేదు, నాకు తెలుసు. ఆ మాట నోటితో అంటే ఆమె ఇంకా బిగుసుకుపోతుందని కూడా తెలుసు.

"తాత ఎన్నింటికి రమ్మన్నాడు?"

"పదిన్నరకి."

"పదికి చెయ్యి ఆ ఫోను. ఇప్పుడు తొమ్మిదీ పది. నాకు యాభై నిమిషాలు అప్పియ్యి."

ఆమె ఫోను పెట్టలేదు, చెయ్యలేదు కూడా. గుప్పిట్లో పట్టుకుని దిగి నిలబడింది.

నేను డ్యాష్‌బోర్డు కిందికి దూరాను. నేను కత్తిరించిన వైరు స్టార్టరుది. స్టార్టరు తిరుగుతోంది కాబట్టి అది బాగానే ఉంది. ఫ్యూజు బాగానే ఉంది. నా అతుకులు ఒక్కొక్కటీ లాగి చూశాను, ఒక్కటీ ఊడలేదు. పావుగంట అయిపోయింది. డిగ్రీ గురించి అన్న మాటలన్నీ గుర్తుకొస్తున్నాయి.

"వదినా" అంది పిచ్చుక. "ఇదివరకు తాళం సగం తిప్పగానే వెనకాల నుంచి జుమ్మని ఒక సన్నటి చప్పుడు వచ్చేది. తుమ్మెదలాగ. రెండు క్షణాలు. ఇవాళ రాలేదు."

నేను తల బయటికి పెట్టాను. అది పెట్రోలు పంపు చప్పుడు. వెనక సీటు కింద ఉంటుంది. రెండు రోజులు ఆ కార్లోనే పనిచేసినా నేను దాన్ని పట్టించుకోలేదు. ఆమె విన్నది. పదకొండేళ్ళు జనం ఊపిరి వింటూ బతికిన మనిషి.

"నిజంగా రాలేదా?"

జవాబు చెప్పకుండా ఆమె సంచీలోంచి స్టెతస్కోపు తీసింది. వెనక సీటు దిండు ఎత్తి, కింది ఇనుప మూత మీద బిళ్ళ ఆనించి, చెవులకి పెట్టుకుని, "తిప్పు" అంది. తిప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది. చాలా ఇళ్ళలో ఆమె మొహం అలా ఉండి ఉంటుంది. నేనెప్పుడూ చూడలేదు.

"లేదు వదినా. చలనం లేదు."

పంపు దగ్గర టెస్టు ల్యాంపు పెట్టాను. వెలగలేదు. ఫ్యూజు దగ్గర కరెంటుంది, పంపు దగ్గర లేదు. అంటే మధ్యలో ఎక్కడో ఆగింది. ఇద్దరం చెరోవైపు నుంచి కారు తలుపుల కింది పట్టీలు ఊడబీకి వైరు వెంట వచ్చాం. డ్రైవరు సీటు పక్కన, కింద పరిచిన గుడ్డ అడుగున, నేను వెయ్యని నీలం రంగు వైరు కనిపించింది. ప్రతి రెండంగుళాలకీ ఒక మైనపు దారపు ముడి. ముడులన్నీ ఒకటే పొడవు. ఒకటి రెండు చోట్ల ముడి వేసి విప్పి మళ్ళీ వేసినట్టు దారం నలిగి ఉంది.

పిచ్చుక ఆ ముడుల మీద వేలు పెట్టి చూసింది. మా ఇంట్లో కరెంటు వైరుని అలా కట్టే మనిషి ఒక్కరే ఉన్నారు.

"ఎప్పుడు చేశారు?" అంది.

"నిన్న రాత్రి అయి ఉంటుంది. మనం పడుకున్నాక."

"ఆ చేతులతోనా?"

గంటలో నేను చెయ్యగల పని అది. ఆయనకి రెండున్నర గంటలు పట్టి ఉంటుంది.

వైరు వెళ్ళి సిగరెట్టు బూడిద వేసుకునే అర వెనకాల తేలింది. మా ఇంట్లో ఎవరూ కాల్చరు, ఆ అర ఎవరూ తెరవరు. వెనక ఒక పాత లిఫ్టు మీటల పలక మీద నుంచి తీసిన చిన్న స్విచ్చు ఉంది. పైకి నొక్కాను. వెనక సీటు కింద తుమ్మెద జుమ్మంది.

మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. సరిగ్గా అప్పుడే మామయ్యగారు గేటు తీసుకుని వచ్చారు. వెనక వీధి మేడలో లిఫ్టు ఇరుక్కుంటే అక్కడి కాపలావాడు చూసి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడట. ఊడబీకిన పట్టీల్నీ, నా మొహాన్నీ, కూతురి మెడలోని స్టెతస్కోపునీ వరసగా చూశారు.

"ఎంతసేపు పట్టింది?" అన్నారు.

"నలభై నిమిషాలు."

"దొంగ అంతసేపు ఉండడు" అన్నారు తృప్తిగా.

"మామయ్యగారూ, చెప్పాలి కదా."

"పొద్దున్నే దానికి చెబుదామనుకున్నాను. స్నానానికి వెళ్ళింది. తొమ్మిదిలోపు వచ్చేద్దామనుకుంటే ఆ లిఫ్టు..." అని ఒక్క క్షణం ఆగి, "నీ స్విచ్చు ఎక్కడ పెట్టావో నువ్వు చెప్పావా?" అన్నారు.

నేను ఊడబీకిన పట్టీ ఒకటి తీసి బిగించడం మొదలుపెట్టాను.

"ఓహో. నువ్వు కూడా ఒకటి పెట్టావన్నమాట" అంది పిచ్చుక, నా వైపు తిరిగి. నడుము మీద చేతులు పెట్టుకుంది. "కారు నాది. ఒక స్విచ్చు మీది, ఇంకో స్విచ్చు ఈవిడది. ఇంకా అన్నయ్య కూడా ఎక్కడైనా ఒకటి పెట్టాడేమో. అసలు ఇందులో దొంగ ఎవరు, నేనేనా? ఇద్దరూ ఇప్పుడే చెప్పండి. ఎక్కడెక్కడ ఏమేం దాచారో అన్నీ."

ఇద్దరం బుద్ధిగా చెప్పాం. ఆమె ప్రతి స్విచ్చునీ తన చేత్తో రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. ఫోను సంచీలో పడేసింది. "ఎక్కు వదినా, ఆలస్యమైంది" అంది. ఆ మాట కసిరినట్టే ఉంది. నాకు చాలా సంతోషంగా అనిపించింది.

దర్జీ తాత వీధిలో, కారు పోయిన పాత చోటు ఖాళీగానే ఉంది. పిచ్చుక దాన్ని చూసి, దాటిపోయి, రెండిళ్ళ అవతల ఆపింది. దిగి రిమోటు నొక్కి నడుముకి తగిలించుకుంది. మూడంతస్తులు ఎక్కేటప్పుడు ఆమె వేలు రిమోటు మీద నుంచి తీయలేదు.

దర్జీ తాత గది చిన్నది. మూల మూసి ఉన్న కుట్టుమిషను, గోడకి దారపు కండెలు, మంచం, మంచం ఎదురుగా కిటికీ. తాత నన్ను చూసి, "ఈవిడ కాపలాకా?" అన్నాడు.

"నా వదిన. నేను పని సరిగ్గా చేస్తున్నానో లేదో చూడ్డానికి వచ్చింది."

"సరిగ్గా చెయ్యకపోతే?"

"ఇంటికెళ్ళాక చెప్తుంది. మూడు రోజులు."

తొడుగులు వేసుకుంది. గోరువెచ్చటి నీళ్ళతో పాత కట్టు తడిపి విప్పింది. పుండు అరచేయంత ఉంది, అంచుల్లో లేత గులాబీ రంగు చర్మం మొలుస్తోంది. ఆమె దాని మీదికి వంగింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కింద వీధిలో ఏవేవో బళ్ళు వెళ్తున్నాయి. ఒక తలుపు దభీమంది. ఆమె భుజాలు ఒక్కసారి బిగిశాయి, తల మాత్రం లేవలేదు.

అప్పుడు నడుము దగ్గర రిమోటు గుర్రుమంది. కింద సైరను ఎత్తుకుంది.

గదిలో ముగ్గురం కదల్లేదు. పుండు తెరిచి ఉంది. ఆమె ఒక చేత్తో మడమ ఎత్తి పట్టుకుంది, రెండో చేతిలో మందు రాసిన గాజుగుడ్డ. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు.

"వదినా, నువ్వెళ్ళి చూడు" అంది, గాజుగుడ్డని పుండు మీద పరుస్తూ. "తాతా, కదలకండి."

మెట్లు రెండేసి చొప్పున దిగాను. కారు దగ్గర నా వయసు ఆవిడ ఒకామె రెండు చేతులా సంచులతో కొయ్యబారి నిలబడి ఉంది.

"బరువుగా ఉందని ఒక్క నిమిషం ముందు మూత మీద ఆనించానండీ" అంది సైరను మీద అరుస్తూ. "ఇదేమిటండీ, ముట్టుకుంటేనే ఇంత గోల?"

"తప్పు మాదేనండీ. కాస్త ఎక్కువ రోషంగా పెట్టాను."

"ఆపండి మరి."

ఆపడానికి రిమోటు పైన పిచ్చుక నడుముకి ఉంది. అది నాకు అప్పుడే తట్టింది. "ఆగుతుందండీ, అదే ఆగుతుంది" అన్నాను. ముప్ఫై సెకన్లకి ఆగింది. ఆవిడ హమ్మయ్య అనుకుని, తూలి పడబోయి, మళ్ళీ కారు మీదే చెయ్యి వేసింది. మళ్ళీ ఎత్తుకుంది. ఆవిడకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఇద్దరం ఆ గోలలో సంచులు చెరొకటి పట్టుకుని పక్కకి జరిగాం.

వీధిలో ప్రతి కిటికీలోనూ ఒక తల ఉంది. మొదటి అంతస్తులో ఇద్దరు, రెండో అంతస్తులో పళ్ళు తోముకుంటూ ఒకాయన, ఎదురు మేడ నిండా జనం. మూడో అంతస్తు కిటికీలో మాత్రం ఎవరూ లేరు. సైరను రెండోసారి ఆగేదాకా అలాగే తలెత్తి చూస్తూ ఉన్నాను. ఎవరూ రాలేదు.

నేను పైకి వెళ్ళేసరికి చివరి చుట్టు చుడుతోంది. నుదుటి మీద చెమట ఉంది, చెయ్యి మాత్రం నిలకడగా ఉంది.

"ఏమిటట?"

"ఎవరో సంచీ ఆనించారు."

"ఊఁ" అంది. కట్టు కొస మడిచి అంటించి, ఆయన కాలి వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి రంగు చూసింది. "నొప్పిగా ఉందా? బిగువుగా ఉందా?"

"బాగుందమ్మా. కుట్టు బాగా పడింది" అన్నాడు తాత. "మళ్ళీ సోమవారం ఎవరొస్తారు?"

పిచ్చుక తొడుగులు తీస్తోంది. రెండోది వేళ్ళకి అంటుకుని రాలేదు. లాగింది.

"నేనే వస్తాను" అంది. "పదకొండుకి. ఆలోపు స్నానం చేసి ఉండండి. పోయినవారం చేసినట్టు లేరు."

"ఆ అమ్మాయి అడగలేదుగా."

"నేను అడుగుతాను."

మెట్ల మీద నిలబడి పెద్ద నర్సుకి ఫోను చేసింది. "శుక్రవారం దాకా ఎందుకులెండి" అంది. "వస్తాను. మొత్తం కాదు. ముందు రెండు వారాలు నాలుగిళ్ళు ఇవ్వండి, కుదిరితే పెంచండి." అవతల ఏమన్నారో వినపడలేదు. "అవునండీ, భయంగానే ఉంది. భయంగా ఉన్నా కట్టు కట్టాను ఇప్పుడు" అంది. కాసేపు విని, "సరే, అయిదు" అంది.

కిందికి వచ్చి కారు చుట్టూ తిరగకుండా నేరుగా తలుపు తీసింది. నేను అటువైపు తలుపు మీద చెయ్యి వేశాను.

"ఆ అదురు బిళ్ళని సాయంత్రం కొంచెం తగ్గించు వదినా. పిల్లి ఎక్కినా ఊరు లేపేటట్టుంది" అంది, ఇంజను వేస్తూ. "ఇంకో మాట. నువ్వు నడుచుకుంటూ వెళ్ళిపోతావా? నాకు ఒంటిగంటకి ముందు ఇంకో ఇల్లు ఇచ్చారు, అది ఇటువైపు కాదు."

ఇల్లు అక్కడికి నలభై నిమిషాల నడక. "వెళ్తాను, పో" అన్నాను.